ఒరగని బండి

విజయనగరం,
16 ఏప్రిల్ 1968

చెల్లి లీలారాణికి,

అన్నయ్య సత్యం వందనాలు. ఈస్టరుకి మీరిద్దరూ వస్తారని మేకమాంసం వండించి కూర్చుంటే, నీ మొగుడు సీమోను ఒక్కడే కారేసుకుని దిగాడు. అదీ పండక్కి కాదు, డ్రైవరుగా యజమాని పని మీద. పోనీలే, కూర వృథా పోలేదు. నీ వాటా కూడా వాడే లాగించాడు.

మీ మిల్లు గణపతిరావు గారు దొర దగ్గర కొన్న ఆ నల్ల విలాయతీ కారుకి నడుం లేదే! వంపు తిరిగితే చాలు, గడ్డి ఎక్కువేసిన ఎడ్లబండిలా ఓ పక్కకి ఒరిగిపోతుంది. వాళ్లావిడ పార్వతమ్మ గారు ఎక్కిన ప్రతిసారీ వాంతులేనట. బాగుచేసి పంపమన్నారు, చేసి పంపాను.

నీకు అర్థమయ్యేలా చెబుతాను విను. కారు కింద చక్రాల మధ్య అడ్డంగా ఒక ఉక్కు కడ్డీ ఉంటుంది. బండి ఓ పక్కకి వాలబోతే అది మెలి తిరిగి, వాలనీయకుండా పట్టి ఉంచుతుంది. మా షెడ్డులో అడ్డకడ్డీ అంటాం. ముందొకటి, వెనకొకటి. వెనకది మరీ నీ చిటికెనవేలంత ఉంది. దాన్ని పీకేసి, తుక్కులో పడున్న మిలటరీ బండి కడ్డీ, నా బొటనవేలంత లావుది, కాల్చి వంచి బిగించాను. ముందుదాని జోలికి పోలేదు.

బిగించాక మా షెడ్డు మనుషులు జోగయ్య, ఎర్రన్నలతో గజపతినగరం దాకా తోలి చూశాను. ముందు సీటు బల్లలా ఒకటే కదా, ముగ్గురం అందులోనే ఇరుక్కున్నాం. మాకదే అలవాటు. "ఎనక కూకుంటే ఇంజన్ మాట ఇనబడదు" అంటాడు జోగయ్య. దారి పొడుగునా ఎన్ని వంపులో! నెత్తిన నీళ్లబిందె పెట్టుకుని కూర్చున్నా చుక్క తొణకదు. గణపతిరావు గారికి నచ్చితే మిల్లు లారీలన్నీ నాకే పంపుతానన్నారట. నీ అన్న చెయ్యి ఎలాంటిదో మీ ఊళ్లో నలుగురికీ చెప్పు.

మీ అన్నయ్య,
సత్యం


ఆమదాలవలస,
5 మే 1968

అన్నయ్యకు,

లీల వందనాలు. నీ గొప్పలు నేను చెప్పనక్కర్లేదు, పార్వతమ్మ గారే ఊరంతా చెబుతున్నారు. అరసవిల్లి వెళ్లొచ్చారు, శ్రీకూర్మం వెళ్లొచ్చారు, ఒక్క వాంతి లేదు. ఆవిడ అత్తగారు అసిరమ్మ గారైతే కారులో నిద్రపోతున్నారట. "ఓలమ్మో, ఉయ్యాల నాగ ఊగేది, ఇప్పుడు అరుగు మీద కూకున్నట్టున్నాది" అని మురిసిపోతున్నారు. కుట్టిన జాకెట్లు ఇవ్వడానికి వెళ్లినప్పుడు నాకు చెప్పారు. గుమ్మం అవతల నిలబడే విన్నాను, మన చోటు అదే కదా. కొలతలకి కూడా పాత జాకెట్టు బయటికి విసురుతారు, దాన్ని చూసి కుట్టాలి.

అందరూ మురిసిపోతుంటే మీ బావ మాత్రం ముఖం ముడుచుకుని తిరుగుతున్నారు. అడగ్గా అడగ్గా ఒక్క మాటన్నారు.

"బండి మాటాడ్డం మానేసినాది లీలా."

"అదేటి, ఎప్పుడు మాటాడినాది?" అన్నాను.

"ఒరిగినప్పుడల్లా మాటాడేది. ఇంక సాల్రా, ఇంతకంటే జోరు ఒద్దురా అనేది. ఇప్పుడేటీ సెప్పదు. ఊరుకుంటాది."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. మరీ చిన్నపిల్లాడిలా ఈ బెంగేమిటో నువ్వే చెప్పు. దొర కారు అలిగిందా?

నీ చెల్లెలు,
లీల


విజయనగరం,
13 మే 1968

ఒసే లీలా,

అలిగింది కారు కాదు, నీ మొగుడు. ఇన్నాళ్లూ ఒరిగే బండి తోలి తోలి, ఇప్పుడు తిన్నగా నిలబడేసరికి వాడికి తోచడం లేదు. కొత్త చెప్పులు కరిచినట్టే, నాలుగు రోజులు పోతే సర్దుకుంటుంది. వెనక చక్రాలకి కొంచెం గాలి ఎక్కువ పెట్టి, ముందువాటికి కొంచెం తగ్గించి చూడమను. బండి ఏమీ చెప్పడం లేదంటే చెప్పడానికి ఏమీ లేదని అర్థం.

మా జోగయ్య అడుగుతున్నాడు, మీ వైపు ఎండురొయ్యలు బాగున్నాయా అని. సీమోను ఇటు వస్తే పంపు.

సత్యం


ఆమదాలవలస,
22 జూన్ 1968

అన్నయ్యకు,

ఈ ఉత్తరం నీకు రాయనని మీ బావకి మాటిచ్చాను. రాస్తున్నాను. దేవుడు క్షమిస్తాడు, మీ బావ క్షమించకపోయినా సరే.

తొలకరి పడ్డాక పోయిన వారం ఈయన గణపతిరావు గారి ఇంట్లో ఆడవాళ్లందరినీ కళింగపట్నం సముద్రానికి తీసుకెళ్లారు. తిరిగి వచ్చేటప్పుడు వాన. రోడ్డు మీద ఎవరూ లేరు, ఎదురుగా బండి లేదు, జోరూ లేదట. ఒక చిన్న వంపు. తిప్పారు. ముందు చక్రాలు తిరిగాయి. వెనక భాగం మాత్రం ఎవరో పట్టి లాగినట్టు బయటికి పోయింది. కారు అడ్డం తిరిగి, తాటిచెట్టుకి డొక్క తగిలి ఆగింది. లోపల ఎవరికీ ఏమీ కాలేదు. "ఎద్దు అడ్డొచ్చినాదమ్మా" అని ఈయన అబద్ధం చెప్పారు, వాళ్లు నమ్మారు. అసిరమ్మ గారికి మెలకువ కూడా రాలేదట. సొట్ట మర్నాడు తెలిసినవాడి దగ్గర తీయించారు.

"ముందు ఒక్క సైగైనా సెయ్యలేదు. సెట్టు నేకపోతే కాలవలో ఉండేవోలం" అన్నారు నాతో. అప్పటినుంచీ ఆయనకి తిండి సహించడం లేదు. కంచం రెండు చేతులా పట్టుకుని కూర్చుంటున్నారు. ఏమిటని అడిగితే చటుక్కున వదిలేస్తున్నారు.

నాకు భయంగా ఉంది. తమాషా మాటలు వద్దు. నీ పనిలో ఏమైనా తేడా ఉందా, లేదా? ఉంటే ఉందని రాయి.

లీల


విజయనగరం,
28 జూన్ 1968

చెల్లీ,

తేడా ఉంది.

కారుకి ముందూ వెనకా ఒకదానికొకటి సరిపోవాలి. నేను వెనక గట్టిచేసి ముందు మెత్తగా వదిలేశాను. వంపులో బండి ఒరగనందుకు ఆ భారమంతా వెనక బయటి చక్రం మీద పడుతోంది. పొడి నేల మీద ఆ చక్రం ఓర్చుకుంటుంది. తడిలో ఓర్చుకోలేక జారుతుంది. నేను తోలి చూసినప్పుడు ఎండాకాలం. అప్పుడు తెలియలేదు. మా ముగ్గురితో ఎంత జోరుగా తిప్పినా బండి గీత గీసినట్టు వెళ్లింది, ఒట్టు. అదే నాకు ఇప్పటికీ అంతుపట్టడం లేదు.

దీనికి మందు, ముందు కూడా అంత లావు కడ్డీ వెయ్యడం. అప్పుడు ముందూ వెనకా సమానమవుతాయి. తయారు చేస్తున్నాను. మొదటిది కాల్చి నూనెలో ముంచగానే చిట్లింది. ఉక్కు మంచిది కాదు. మళ్లీ తెప్పిస్తున్నాను.

అంతవరకూ వానలో మెల్లగా తోలమను. వంపులోకి వెళ్లకముందే జోరు తగ్గించాలి, వంపులో బ్రేకు తొక్కకూడదు, ఉన్నట్టుండి కాలు ఎత్తకూడదు. గణపతిరావు గారికి ఇప్పుడే ఏమీ చెప్పొద్దు. ముందు కడ్డీ వేశాక నేనే వచ్చి చెబుతాను.

సత్యం


ఆమదాలవలస,
20 జూలై 1968

అన్నయ్యకు,

నీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించాను. అంతా విని, "ఎనక కడ్డీ ఇప్పేత్తే సరిపోద్ది కదా, పాతది ఏసుకుందుము" అన్నారు. నీకు ఆ మాట ఎందుకు తోచలేదు? తోచింది. నాకు తెలుసు. విప్పేస్తే కారు మళ్లీ ఒరుగుతుంది, పార్వతమ్మ గారు మళ్లీ వాంతి చేసుకుంటారు, సత్యం మేస్త్రీ పని ఇంతేనా అంటారు, లారీలు రావు. అవునా? చిన్నప్పటినుంచీ నిన్ను చూస్తున్నాను. చేసిన పని వెనక్కి తియ్యాలంటే నీకు ప్రాణం మీదికొస్తుంది. ఇక్కడ మాత్రం ప్రాణం మీదికొచ్చేది నా మొగుడికి.

నువ్వు చెప్పొద్దన్నా ఈయన గణపతిరావు గారిని అడిగారు. ఆయన కయ్యిమన్నారు. "ఒరే, బాగున్నదాన్ని ఇప్పుతావేటి? ఆడోళ్లు సుకంగా తిరుగుతన్నారు. నీకు తోలడం రాపోతే సెప్పు, ఇంకోడ్ని సూసుకుంటాను." 

ఇంకో సంగతి. వాళ్లమ్మాయి చిన్నతల్లిని జయపురం ఇచ్చారు కదా. ఆగస్టు మూడో వారంలో అక్కడ సీమంతమట. ఆడవాళ్లు ఐదుగురు వెళ్తారు: పార్వతమ్మ గారు, అసిరమ్మ గారు, ఇద్దరు తోటికోడళ్లు, మేనత్త. పాలకొండ, పార్వతీపురం మీదుగా సాలూరు వెళ్లి కొండదారి ఘాటీ ఎక్కాలి. మగవాళ్లెవరూ వెళ్లడం లేదు. ఐదుగురూ వెనక సీట్లోనే, ఒకరి ఒళ్లో ఒకరు. డిక్కీ నిండా సారె బుట్టలు. ముందు సీటు ఎప్పటిలాగే ఖాళీ. డ్రైవరు పక్కన ఏ ఇంటి ఆడది కూర్చుంటుంది? మొన్న కళింగపట్నానికీ అలాగే వెళ్లారు. ఆ పెద్ద సీట్లో మీ బావ ఒక్కరే, పెళ్లికొడుకులా. నవ్వుదామనుకున్నాను కానీ నవ్వు రావడం లేదు.

నీ కొత్త కడ్డీ ఎప్పుడు వస్తుంది?

లీల


విజయనగరం,
30 జూలై 1968

లీలా,

షెడ్డు పని మీద రాయగడ వెళ్లి నిన్ననే వచ్చాను. నీ ఉత్తరం చూశాను. మళ్లీ మళ్లీ చదివాను.

ముందు సీటు ఖాళీ అని నువ్వు రాసేదాకా నా బుర్రకి తట్టలేదు. మేము ఎన్నిసార్లు తోలి చూసినా ముగ్గురం ముందే కూర్చున్నాం. ఎర్రన్న ఒంటి సంగతి నీకు తెలుసు, వాడొక్కడే ధాన్యం బస్తా అంత ఉంటాడు. మా బరువే బండి ముందు చక్రాలని నేలకి అదిమి పెట్టింది, వెనక చక్రాలు మోయాల్సిన భారం తగ్గింది. అందుకే గీత గీసినట్టు వెళ్లింది. ఆ కారు వెనక సీట్లో నేను ఒక్కసారి కూడా కూర్చోలేదు, ఎవరినీ కూర్చోబెట్టలేదు. అది ఆడవాళ్ల కోసం చేయించిన పని అని తెలిసి కూడా, ఆడవాళ్లు ఎక్కడ కూర్చుంటారో ఆలోచించలేదు.

వెనక ఐదుగురు, డిక్కీలో బుట్టలు, ముందు సీమోను ఒక్కడు. ఆ బరువుతో, ఆ కడ్డీతో, వానలో, ఘాటీ మీద! ఘాటీలో వంపుకి అవతల తాటిచెట్టు ఉండదే. లోయ ఉంటుంది.

నువ్వు నన్ను తిట్టింది నిజమే. లారీలు పోతే పోనీ. కడ్డీ విప్పించెయ్. రెండు వైపులా బోల్టులే, సీమోను విప్పుకోగలడు. యజమాని ఒప్పుకోకపోతే ముందు సీట్లో బరువు పెట్టండి, ఇద్దరు లావుపాటి మగవాళ్ల బరువు, తక్కువ కాకూడదు. బియ్యం బస్తాలైనా సరే. ముందు సీటు మాత్రం ఖాళీగా వెళ్లకూడదు. కొత్త కడ్డీ వచ్చే వారం తయారవుతుంది. ఆగస్టు పదకొండు, ఆదివారం, నేనే రైలెక్కి తెచ్చి బిగిస్తాను. సీమంతం మూడో వారంలో అన్నావు కాబట్టి ఇంకా టైముంది. అంతవరకూ ఘాటీ ఎక్కొద్దు. సీమోను కాళ్లు పట్టుకునైనా ఆపు.

నాకు నిద్ర పట్టడం లేదు. వెంటనే జవాబు రాయి.

మీ అన్నయ్య


ఆమదాలవలస,
6 ఆగస్టు 1968

అన్నయ్యకు,

టైము లేదు. పంతులు గారు లెక్క తిరగేసి శుక్రవారమే మంచిదన్నారట. ఎల్లుండి గురువారం పొద్దున్నే బయలుదేరుతున్నారు.

నువ్వు చెప్పినవన్నీ చేసి చూశాం. కడ్డీ విప్పుతానని ఈయన మళ్లీ వెళ్లారు. "శుభమా అని ఎల్తుంటే బండి ఇప్పుతానంటావేట్రా" అని గణపతిరావు గారు కర్ర ఎత్తారు. మిల్లు గుమస్తానైనా ముందు కూర్చోబెట్టమని ఈయన అడిగారు. ఆడవాళ్లున్న బండిలో పరాయి మగాడు ఎందుకన్నారు గణపతిరావు గారు. ఆఖరికి బియ్యం బస్తాలు వేస్తానంటే పార్వతమ్మ గారు, "కొత్త సీటు గుడ్డలేయించినాం, దాని మీద బస్తాలేటి? డిక్కీలో పడెయ్" అన్నారట. డిక్కీలో వద్దు మహాప్రభో అని ఈయన ఊరుకున్నారు. పని మానేద్దామంటే ఇంకో డ్రైవరు వస్తాడు, వాడికి ఈ సంగతులేవీ తెలియవు. "నానైతే బండి సంగతి ఎరుగుదును. ఆడు ఎరగడు. అందర్నీ సంపేస్తాడు" అంటున్నారు. ఆయన చెప్పేది నిజమే కదా. అందుకే నాకు ఏడుపొస్తోంది.

అప్పుడు నాకు తోచింది. డ్రైవరు పక్కన పరాయి ఆడది కూర్చోదు, పెళ్లాం కూర్చోవచ్చు. సీమంతంలో ఎంగిలి విస్తళ్లు ఎత్తడానికి, పెరటి చాకిరీకి మనిషి కావాలి కదా, నేను వస్తానని పార్వతమ్మ గారిని అడిగాను. రమ్మన్నారు. ముందు సీట్లో నేను కూర్చుంటాను. ఇత్తడి బిందెలున్న పెట్టె నా ఒళ్లో పెట్టుకుంటాను, ఇసుర్రాయి కాళ్ల దగ్గర పెట్టుకుంటాను. ఎర్రన్న అంత కాకపోయినా, మరీ ఖాళీ కాదు కదా? మెల్లగా వెళ్తామన్నారు ఈయన. తిరిగొచ్చేసరికి నువ్వు కడ్డీతో ఇక్కడ ఉంటావు. వచ్చేటప్పుడు చిన్నతల్లిని పురిటికి తెస్తారు, వెనక ఇంకో మనిషి బరువు కాబట్టి అప్పటికి నీ కడ్డీ జయపురమే తెస్తే ఇంకా మంచిది.

మా కోసం ప్రార్థన చెయ్యి. నేను భయపడటం లేదు. ఆయన పక్కనే ఉంటాను కదా.

నీ లీల


సాలూరు,
8 ఆగస్టు 1968

అన్నయ్యా,

పోస్టాఫీసులో కార్డు కొని నిలబడి రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే తిట్టుకోకు. సాలూరు దాకా క్షేమంగా వచ్చాం. వీళ్లు టీ తాగుతున్నారు.

నీకు ఒకటి చెప్పాలి. పొద్దున్న నేను పెట్టె పట్టుకుని ముందు సీట్లోకి ఎక్కబోతే పార్వతమ్మ గారు చూశారు. "ఏటే, అందరి ముందూ మొగుడి పక్కన కూకుని షికారు కెళ్తావేటి? సిగ్గు నేదేటే? రా, మాతో పాటు ఎనక్కి రా" అని నవ్వారు. అందరూ నవ్వారు. "అది ముందే కూకోవాలమ్మగోరూ, బరువు కోసం" అని ఈయన అంటే, "పెళ్లాన్ని బరువంటావేట్రా" అని ఇంకా నవ్వారు.  ఆవిడ నా చెయ్యి పట్టుకుని లాగారు, అన్నయ్యా. చేత్తో పట్టుకుని. పెట్టె, ఇసుర్రాయి డిక్కీలో పెట్టించారు.

ఎన్నేళ్లు గుమ్మం బయట నిలబడ్డాను! ఇవాళ ఆరుగురం ఒక సీట్లో, ఆవిడ భుజం నా భుజానికి ఆనుకుని. అసిరమ్మ గారు నా మీద వాలి నిద్రపోయారు. పార్వతీపురంలో నాకు కూడా వాళ్ల డబ్బాలోంచే అరిసె పెట్టారు. అక్కడే, వాళ్ల మధ్యే కూర్చుని తిన్నాను. దారి పొడుగునా కారు అరుగులా ఉంది, ఒక్క కుదుపు లేదు. బొబ్బిలి రోడ్డు కలిసేచోట ఈయన ఒకసారి వెనక్కి తిరిగి నా వైపు చూశారు. నేను నవ్వాను.

ఇప్పుడైనా ముందుకి మారమని ఈయన అంటున్నారు. అసిరమ్మ గారికేమో నేను పక్కన లేకపోతే కుదరదట, బాగా అలవాటైపోయాను. ఎలా చెప్పను? తిరిగి వచ్చేటప్పుడు తప్పకుండా ముందే కూర్చుంటానని ఈయనకి చెప్పాను. వెళ్లి చక్రాలు తడిమి చూసుకుంటున్నారు.

కొండ మీద వాన మొదలైనట్టుంది, ఇక్కడికి చల్లగాలి వస్తోంది. హారను కొడుతున్నారు. వెనక నాకు చోటు ఉంచి, రమ్మని పిలుస్తున్నారు.

లీల